కుచ్చిళ్ళు ముందుకు

పోయిన శనివారం ఇండియన్ స్టోర్‌లో బిల్లు కట్టే వరసలో నిలబడి ఉంటే, నా ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను కాసేపు పోల్చుకుని, "అంకుల్, మీరు స్కర్ట్ అంకుల్ ఫ్రెండ్ కదా?" అంది. చిన్నప్పుడు, తలా ఒక వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో బల్లల కింద దూరి ఆడుకున్న పిల్ల. ఇప్పుడు పళ్ళ డాక్టరట.

"అవునమ్మా" అన్నాను.

"ఎలా ఉన్నాడు? ఇంకా స్కర్ట్ వేస్తాడా?" అని అడిగి, నేను నోరు విప్పేలోపలే నవ్వడం మొదలుపెట్టింది.

మార్చిలో పోయాడని చెప్పాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి ఏ నీళ్ళో నేను అడగలేదు. "సారీ అంకుల్, సో సారీ. నాకు ఆ వోణీ జోక్ గుర్తొచ్చింది" అంది.

"ఫరవాలేదమ్మా. ఆయనే ఉంటే ఇంకో రెండు చెప్పి నవ్వించేవాడు" అన్నాను. కౌంటరులో ఉన్నావిడ బెండకాయలు తూచడం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఇంటికొచ్చి పాత డైరీలు కిందికి దించాను. రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న అలవాటు. చాలామంది గురించి వాతావరణం గురించి రాసినట్టే రాశాను: వచ్చారు, ఉన్నారు, వెళ్ళారు. ఈయన వచ్చిన పేజీల్లో మాత్రం అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. నవ్వుతూ రాసినవి.

పేరు రాయను. ఆయన భార్యని అడిగితే, "రాయండి అన్నయ్యగారూ. పేరెందుకు, ఆయన్ని పేరు పెట్టి పిలిచిందెవరు?" అంది. అదీ నిజమే. పిల్లలకి స్కర్ట్ అంకుల్. నాకు బావగారు. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆయనది తెనాలి, మాది బాపట్ల. షికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్‌లో ఆ మాత్రం దగ్గరితనం చాలని ఆయనే వరస కలుపుకున్నాడు.

పొట్టి మనిషి, గుబురు కనుబొమలు. నడిచేటప్పుడు ఎదురుగాలిలో నడుస్తున్నట్టు ముందుకి వంగి నడిచేవాడు. ఎక్కడ కూర్చోవలసి వచ్చినా ముందు పక్క సీటు తుడిచేవాడు. తన సీటు కాదు, పక్కది. జేబులోంచి రుమాలు తీసి రెండు దులుపులు దులిపి, తర్వాత తను కూర్చుని కాస్త అవతలికి జరిగేవాడు. జరగడానికి చోటు లేకపోతే జరిగినట్టు భుజమైనా కదిపేవాడు. మా ఇంటి సోఫాని కూడా వదల్లేదు. మా ఆవిడకి ఒకసారి కోపం వచ్చింది.

"నా సోఫా అంత దుమ్ముగా ఉందా అన్నయ్యగారూ?"

"సోఫాకేం తల్లీ, అద్దంలా ఉంది. నా చెయ్యే ఊరుకోదు" అన్నాడు.

ఆ చెయ్యి ఊరుకోకపోవడం ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. ఆయన షికాగోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్ల మీద పనిచేసేవాడు. రోజూ పొద్దున్నే నేపర్‌విల్ స్టేషన్‌లో రైలెక్కి వెళ్ళడం, సాయంత్రం రావడం. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట భవనాలు కూలాక మా ముఖాలు మాకే కొత్తగా కనిపించిన రోజులున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. రైలు కిక్కిరిసి, తలుపు దగ్గర జనం భుజాలు రాసుకుంటూ నిలబడి ఉండేవారు. ఈయన పక్క సీటు మాత్రం ఖాళీగా ఉండేది.

"నా పక్క సీటు మడి కట్టుకుంది బావగారూ. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు" అనేవాడు.

అప్పట్లో ఆయనకి గడ్డం ఉండేది. తీసేశాడు. భార్య చెప్పిందని కోటుకి జెండా పిన్ను పెట్టుకున్నాడు. ఇంగ్లీషు పేపరు అందరికీ కనపడేట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఏం లాభం లేకపోయింది. "గడ్డం తీసినా మడి విడవలేదు. ఇప్పుడు గడ్డానికి చలి కూడా వేస్తోంది" అని నవ్వించేవాడు. కానీ ఆ నెలల్లో మా ఇంటికొస్తే ఎదురు కుర్చీ ఎంత చూపించినా కూర్చునేవాడు కాదు. సోఫాలో నాకు ఆనుకునే కూర్చునేవాడు.

ఇంతలో దీపావళి పాట్‌లక్ వచ్చింది. స్కూలు కెఫెటేరియాలో పొగలు కక్కుతున్న రసం గిన్నె ఇద్దరు మోసుకొస్తుంటే ఈయన దారి చూపిస్తానని వాళ్ళ ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ కుర్చీ తట్టుకుని గిన్నె మీద పడ్డాడు. మోకాలి నుంచి పాదం దాకా రసం. కాలు బొబ్బలెక్కింది. మానేదాకా ప్యాంటు తగలకూడదన్నాడు డాక్టరు.

లుంగీ కట్టుకుని ఆఫీస్‌కి వెళ్తానన్నాడు. భార్య వెళ్ళనివ్వలేదు. "రైల్లో ఇప్పటికే దూరంగా కూర్చుంటున్నారు. ఇక కిందికి దిగిపోతారు."

మేనేజరుకి ఫోన్ చేసి నిక్కరు వేసుకురావచ్చా అని అడిగాడు. నిక్కర్లు కుదరవు అన్నాడాయన. ఆ మేనేజరు పూర్వీకులది స్కాట్లాండు. "మా తాతలైతే కిల్ట్ కట్టుకునేవారు. అది దొరికితే రా, నేనేమీ అనలేను" అని నవ్వి పెట్టేశాడు. ఆయన హాస్యానికి అన్నాడు. మా బావగారు ఆర్డరుగా తీసుకున్నాడు.

కిల్ట్ అంటే స్కాట్లాండు మగవాళ్ళు కట్టుకునే గళ్ళ ఉన్ని బట్ట. మోకాళ్ళ దాకా ఉంటుంది. ఒక వైపు సాదాగా, ఒక వైపు నిండా కుచ్చిళ్ళు, నడుముకి తోలు బెల్టులు. ఒక చర్చివాళ్ళు పాతబట్టలు అమ్ముతుంటే అక్కడ దొరికింది. ఆదివారం సాయంత్రం, కట్టుకోవడంలో సాయానికి నన్ను పిలిచాడు. ముగ్గురం దాన్ని మంచం మీద పరిచి చుట్టూ నిలబడ్డాం.

"ఈ కుచ్చిళ్ళు ఎటు రావాలి?" అన్నాడు.

"ఎటేమిటండీ? కుచ్చిళ్ళు వెనక్కి పెట్టుకునేవాళ్ళని ఎక్కడైనా చూశారా?" అంది భార్య. ఆవిడకి చీర కట్టడంలో ఇరవై ఏళ్ళ అనుభవం.

"పంచెకి వెనక్కి వెళ్తాయి కదా?"

"వెనక్కి వెళ్ళేది గోచీ. కుచ్చిళ్ళు ముందుకే."

బెల్టులు మాత్రం ఆ మాటకి ఒప్పుకోలేదు. చివరికి ముందు బిగించి, తర్వాత మొత్తం గిర్రున తిప్పితే కుచ్చిళ్ళు ముందుకొచ్చాయి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళికొడుక్కి సర్దినట్టు ఒక్కొక్క మడతా సర్దింది. నేను కౌంటీలో రోడ్లు, వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరుని. చుట్టూ తిరిగి చూసి, అంతా సక్రమంగా ఉందని పాస్ చేశాను.

మర్నాడు పొద్దున మా ఆఫీస్‌కి ఫోన్ వచ్చింది.

"కూర్చుంది బావగారూ."

"ఎవరు?"

"ఆవిడ. ఎర్ర కోటావిడ. నా పక్కన."

ఆ కథ ఆయన చెప్పగా చాలాసార్లు విన్నాను. ఎప్పుడు చెప్పినా ఒక్క మాట తేడా రాలేదు. ఆ ఎర్ర కోటావిడ రోజూ అదే పెట్టెలో తలుపు దగ్గర నిలబడేది. అచ్చుకి వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దడం ఆవిడ ఉద్యోగం. ఆ పొద్దున కిల్ట్ వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, మళ్ళీ కిల్ట్ వైపు చూసింది. తట్టుకోలేక దగ్గరికొచ్చింది.

"ఏమీ అనుకోకండి. మీరు అది తిరగేసి కట్టుకున్నారు."

"ఏది?"

"అదే. మడతలు వెనక్కి ఉండాలి."

"మాకు ముందుకే ఉంటాయండి."

"మీకు అంటే ఎవరికి?"

ఈయన రుమాలు తీసి పక్క సీటు దులిపి, "కూర్చోండి, చెప్తాను" అన్నాడు.

ఆవిడ కూర్చుంది. ఈయన వాళ్ళమ్మ చీరా, వాళ్ళ నాన్న పంచే, తన పెళ్ళినాటి పట్టుబట్టలూ అన్నీ చెప్పాడు. కాలు మీద పడ్డ రసంలో ఏమేం వేస్తారో కూడా చెప్పాడు. ఆవిడ చింతపండు అనే మాటకి స్పెల్లింగ్ రాసుకుంది.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర భార్య అంది, "పోనీలెండి, ఇప్పటికైనా తెలిసింది. రేపు వెనక్కి పెట్టి కట్టుకోండి, నవ్వులపాలు కాకుండా."

మర్నాడూ ముందుకే పెట్టుకుని వెళ్ళాడు. కాలు మానింది. బొబ్బలు పోయి మచ్చ మిగిలింది, మచ్చ కూడా పల్చబడింది. కిల్ట్ పోలేదు. చలికాలం పోయి ఎండాకాలం వస్తే పల్చటిది ఇంకొకటి కొన్నాడు. ఆఫీస్‌లో మొదట్లో డాక్టరు చీటీ చూపించేవాడు. తర్వాత అడిగేవాళ్ళే లేకపోయారు. కుచ్చిళ్ళు మాత్రం ఎప్పుడూ ముందుకే.

ఒకరోజు అడిగాను. "బావగారూ, అది తప్పని తెలిసింది కదా. సరిగ్గా కట్టుకోవడానికేం?"

"సరిగ్గా కట్టుకుంటే నాతో ఎవరికేం పని?" అన్నాడు. తర్వాత వేలు పైకెత్తాడు. ఆయన సిద్ధాంతాలన్నీ ఆ వేలితోనే మొదలయ్యేవి. "బాగున్నావా అని అడగడానికి మనిషికి వంద మొహమాటాలు. తప్పు చేశావు అని చెప్పడానికి ఒక్కటి కూడా ఉండదు. పరిగెత్తుకొస్తాడు. వచ్చినవాణ్ణి కూర్చోపెట్టుకోవడం మన చేతిలో పని."

నిజంగానే పరిగెత్తుకొచ్చేవారు. విషయం తెలిసినవాళ్ళు దిద్దడానికి వచ్చేవారు. తెలియనివాళ్ళు అడగడానికి వచ్చేవారు. కిల్ట్ కింద ఏం వేసుకున్నావని అడిగేవాళ్ళు వేరే జాతి. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర మనిషిని బట్టి జవాబుండేది. బేస్‌బాల్ ఆట చూసి బీరు మత్తులో ఎక్కిన కుర్రాళ్ళకి, "ఇల్లినాయ్ చలి" అని చెప్పేవాడు. తల్లి వెనక దాక్కుని అడిగిన చిన్నపిల్లకి, "మోకాళ్ళు. నీకూ ఉన్నాయి, చూసుకో" అన్నాడు. ఆ పిల్ల చూసుకుని ఉన్నాయని ఒప్పుకుంది. కోటూ టైతో ఉన్న ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి అడిగితే, ఈయన ఇంకా గొంతు తగ్గించి, "బూట్లు" అన్నాడట. ఆ పెద్దమనిషి దిగేదాకా భుజాలు కదిలిపోయేట్టు నవ్వుతూనే ఉన్నాడట.

మనవాళ్ళతోనే కొంచెం కష్టం. ఉగాది పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకుని వరసలో ఉంటే, తెలుగు అసోసియేషన్ ట్రెజరర్ గట్టిగా అందరికీ వినపడేట్టు, "లంగా బాగుందండీ, వోణీ ఏదీ?" అన్నాడు.

ఈయన పులిహోర వడ్డించుకోవడం ఆపకుండానే, "వోణీల ఫంక్షన్ మీరు చేయిస్తారని చూస్తున్నాను. కార్డులు మీరు కొట్టించండి, హాలు నేను బుక్ చేస్తా. గిఫ్టులు మాత్రం నాకే రావాలి" అన్నాడు.

ఆడపిల్లలంతా పొట్టలు పట్టుకున్నారు. ఆ వేసవిలో ట్రెజరర్‌ని ఎక్కడ చూసినా ఎవరో ఒకరు, "ఫంక్షన్ ఎప్పుడు అంకుల్?" అని అడిగేవారు. పాపం, పార్కింగ్‌లో మమ్మల్ని చూస్తే కారు దిగేవాడు కాదు.

గుళ్ళో ఇంకో రకం. మోకాళ్ళు కనపడే బట్టలతో లోపలికి రాకూడదని బోర్డు ఉంది. గుమ్మం దగ్గర వాలంటీరు ఆపాడు. అర్చకుడుగారు గొడవ విని బయటికొచ్చి, పైనుంచి కిందికి చూసి, "కుచ్చిళ్ళు ముందుకున్నాయి. ఇది పంచె కిందికే వస్తుంది, కాస్త పొట్టిది. రానివ్వండి" అన్నారు. ఆ తీర్పు విని బావగారు హుండీ దగ్గర నాతో గుసగుసగా, "చూశారా బావగారూ, అమెరికాలో ఇది తప్పుగా కట్టిన కిల్ట్, గుళ్ళో సరిగ్గా కట్టిన పంచె. ఒకే గుడ్డ" అన్నాడు.

ఒక్కసారి మాత్రం నేను భయపడ్డాను. హార్డ్‌వేర్ స్టోర్ బయట మొక్కల కుండీలు చూస్తున్నాం. ఆరడుగుల పైన మనిషి, ఎర్రగడ్డం, తనూ కిల్ట్ కట్టుకుని ఉన్నాడు, పద్ధతి ప్రకారం. పార్కింగ్ అవతలి చివరి నుంచే ఈయన్ని చూసి పెద్ద పెద్ద అంగలతో వచ్చాడు. నేను ట్రాలీ వెనక్కి జరిగాను.

"అది మా తాతల బట్ట. ఎగతాళి చేస్తున్నావా?"

"కాదండీ. మా తాతల కట్టు."

"తిరగేసి ఉంది."

"ఒకసారి కూర్చోండి" అన్నాడు ఈయన, అమ్మకానికి పెట్టిన తోట బెంచీ చూపించి. దాన్ని రుమాలుతో దులిపాడు కూడా.

ఆ మనిషి ఏమనుకున్నాడో, వెనక్కి రెండు చేతులూ పోనిచ్చి, మడతలు నలగకుండా ఒక్కొక్కటీ సర్దుకుంటూ మెల్లిగా కూర్చున్నాడు. ఈయన పక్కన టక్కున కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ టక్కున కూర్చున్నాడు. ఇద్దరి కుచ్చిళ్ళూ చూపించాడు. ఆయనవి వెనక చపాతీలా అణిగిపోయాయి. ఈయనవి ఒళ్ళో ఇస్త్రీ విడవలేదు.

ఎర్రగడ్డం మనిషి చాలాసేపు ఒళ్ళోకి చూసుకున్నాడు. "ఇది నేను ఒప్పుకున్నానని ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. తర్వాత మా కారులో మట్టి బస్తాలు ఆయనే ఎత్తి పెట్టాడు.

ఏళ్ళు గడిచాయి. రైల్లో ఆయన పక్క సీటు ఖాళీగా ఉండడమన్నది మేం మర్చిపోయాం. ఎవరు పక్కన కూర్చున్నారో, ఎవరి కూతురికి కాలేజీ సీటు వచ్చిందో, ఎవరి కుక్కకి ఆపరేషన్ అయిందో, మాకు ఆయన ద్వారా తెలిసేది. ఒక సాయంత్రం వాళ్ళింట్లో, రైల్లో పరిచయమైన కుర్రాడెవరో తన పెళ్ళికి రమ్మని పిలిచాడని కార్డు తెచ్చి చూపిస్తున్నాడు. భార్య గోంగూర వలుస్తూ, తలెత్తకుండా అంది.

"అంతా బాగానే ఉంది గానీ, వాళ్ళు కూర్చుంటున్నది మీ పక్కనా, ఆ గుడ్డ పక్కనా?"

ఆవిడ ఎత్తిపొడుపుగా అనలేదు. ఊరికే అడిగింది. ఆయన సిద్ధాంతం చెప్పబోయాడు. వేలు సగం లేచి ఆగిపోయింది.

"ఒకరోజు ప్యాంటేసుకుని వెళ్తే తేలిపోతుంది కదా" అన్నాను నేను.

"తేల్చుకోవాలని లేదు బావగారూ" అన్నాడు. కార్డు మడిచి కవరులో పెట్టేశాడు.

ఆ తర్వాత గమనించాను. పెళ్ళిళ్ళకీ డాక్టరు దగ్గరికీ ప్యాంటు వేసుకునేవాడు. రైలుకి మాత్రం ఎప్పుడూ కాదు. జ్వరమొస్తే సెలవు పెట్టేవాడు గాని ప్యాంటుతో రైలెక్కేవాడు కాదు. నవ్వుతూ ఎక్కే ఆ పెట్టెలోకి ఆయన ఒక భయం వెంటపెట్టుకుని ఎక్కుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

నేను రిటైరైన ఏడాది, పాస్‌పోర్టు పని మీద షికాగో వెళ్ళాల్సి వచ్చింది. ఆయనతోపాటే వెళ్దామని పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన హాల్లో గోధుమరంగు ప్యాంటుతో నిలబడి ఉన్నాడు. ముఖం పరీక్ష హాలు బయట కుర్రాడిలా ఉంది. కిల్ట్ బెల్టు తెగిందట. ఇన్నేళ్ళూ బిగించి గిర్రున తిప్పగా తిప్పగా తోలు అరిగింది. మిగతావి రెండూ డ్రైక్లీనింగ్‌లో ఉన్నాయి. ఆఫీస్‌లో తప్పించుకోలేని మీటింగ్.

"కారులో వెళ్దామా బావగారూ?" అన్నాడు.

"పార్కింగ్‌కి ఆస్తులమ్మాలి. నడవండి" అన్నాను.

ప్లాట్‌ఫారం మీద వేరే పెట్టె ఎక్కుదామన్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆయన పెట్టెలోకే ఎక్కించాను. తన మామూలు సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్కది రుమాలుతో దులిపాడు. నేను కావాలనే ఆయన వెనక వరసలో కూర్చున్నాను.

తర్వాతి స్టేషన్‌లో చాలామంది ఎక్కారు. ఒక కుర్రాడు ఆ సీటు దాకా వచ్చి, ఈయన ముఖం చూసి, ముందుకి వెళ్ళిపోయాడు. కాఫీ కప్పుతో ఒకాయన వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఈయన అవతలికి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. కిటికీ అద్దానికి భుజం ఆనింది. వెనకనుంచి నాకు ఆయన మెడ మాత్రమే కనపడుతోంది. ఇంతకన్నా చూడనక్కర్లేదనిపించింది.

ఆ తర్వాతి స్టేషన్‌లో దారికి అవతల కూర్చున్న ఇద్దరు దిగారు, ఎర్ర కోటావిడ ఎక్కింది. జుట్టు తెల్లబడింది, కోటు మాత్రం అదే రంగు. నేరుగా ఆయన దగ్గరికొచ్చి నిలబడింది.

"క్షమించాలి సార్. ఈ సీటు మాకు తెలిసిన ఒకాయనది. రోజూ ఇక్కడే కూర్చుంటాడు."

ఆయన లేచి నిలబడ్డాడు. నేనే ఆ ఆయన్ని అని చెప్తాడనుకున్నాను. "అలాగా. సారీ అండీ" అని, దారికి అవతల ఉన్న ఖాళీ సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ ఈయన సీటు మీద తన సంచీ పెట్టి కాపలాగా నిలబడింది.

కండక్టరు వచ్చాడు. "మనవాడు ఏడీ ఇవాళ?" అని ఆవిణ్ణి అడిగాడు.

"రాలేదు. సీటు ఉంచాను."

"ఉంచండి, ఉంచండి" అన్నాడు. ఈయన నెలపాసు చూశాడు, ముఖం చూశాడు, తలూపి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆవిడ సంచీ తీసుకుని ఇటు వచ్చింది. ఆయన పక్క సీట్లో కూర్చుంది.

"మీకు ఆయన తెలుసేమో. మీ దేశంవాడే."

"కొంచెం తెలుసండీ" అన్నాడు.

"ఎలాంటివాడు?"

"ఫరవాలేదు. మంచివాడే."

"మంచివాడే గాని మహా మొండి. కిల్ట్ తిరగేసి కడతాడు. మొదటి రోజు నేనే చెప్పాను. తప్పులు దిద్దడం నా వృత్తి. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ వచ్చిందంటే రెండే కారణాలు. తెలివి లేకపోవడం, లేదా తెలివి ఎక్కువవడం. ఈయనకి తెలివి లేదని నాకనిపించలేదు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అటు వైపు గోదాము గోడలు తప్ప ఏమీ లేవు.

"పక్కన ఎవరైనా కూర్చోవాలని అలా కడుతున్నాడని కొన్నాళ్ళకి అర్థమైంది. అంతకుముందు నెలల తరబడి ఈ పెట్టెలో నేను ఆ తలుపు దగ్గర నిలబడే వెళ్ళాను, ఆయన పక్కన సీటుండి కూడా. అది నాకు గుర్తుంది" అంది ఆవిడ. "అప్పుడు మేం కొందరం అనుకున్నాం. వంతులు వేసుకున్నాం. ఎవరి వంతు వచ్చిన రోజు వాళ్ళు వెళ్ళి, తిరగేసి కట్టావయ్యా అనాలి. కండక్టరుకీ ఒక వంతుంది. పెట్టెకి కొత్తగా వచ్చినవాళ్ళకి మేమే చెప్పి పంపిస్తాం."

"ఆయనకి తెలుసా?" అన్నాడు ఈయన, అటే చూస్తూ.

"తెలియదు. చెప్తే చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదు."

రైలు షికాగో స్టేషన్‌లోకి వచ్చి ఆగింది. అందరూ లేచారు. ఆవిడ కోటు గుండీలు పెట్టుకుంటూ, ఆయన ప్యాంటుని పైనుంచి కిందికి చూసింది.

"రేపు నా వంతు. ఇలా వచ్చి నా వంతు పాడుచెయ్యకు" అంది. నవ్వకుండానే దిగి వెళ్ళిపోయింది.

ఆయన సీట్లోంచి లేవలేదు. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు లేచాడు. ప్లాట్‌ఫారం మీద పది అడుగులు వేశాక ఆగిపోయి, జనం అటూ ఇటూ తప్పుకుని పోతుంటే మధ్యలో నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. చిన్నగా కాదు, స్తంభం పట్టుకుని.

"బావగారూ, వీళ్ళందర్నీ నేను బుట్టలో వేశాననుకున్నాను. బుట్ట వాళ్ళదేనండీ. ఇన్నేళ్ళూ అందులో కూర్చుని ప్రయాణం చేశాను."

"చెల్లెమ్మకి ఏం చెప్తారు? గుడ్డ పక్కనా, మీ పక్కనా అంటే?"

"ఇవాళ గుడ్డ లేదుగా" అన్నాడు. రుమాలుతో కళ్ళు తుడుచుకుని, మీటింగ్‌కి వెళ్ళిపోయాడు. ఎదురుగాలి లేని మనిషిలా నిటారుగా నడిచాడు.

మర్నాడు సాయంత్రం నేనే ఫోన్ చేశాను. అవతల భార్య నవ్వు వినపడుతోంది, ఈయన నవ్వూ వినపడుతోంది. ఇద్దర్లో ఎవరు మాట్లాడతారో తేలడానికి కొంచెంసేపు పట్టింది.

"ఏమైంది బావగారూ?"

"డ్రైక్లీనింగ్ నుంచి ఒకటి తెప్పించాను. ఇంత మంచివాళ్ళని ఇంకా మోసం చెయ్యకూడదని, ఇవాళ కుచ్చిళ్ళు వెనక్కి పెట్టి, పద్ధతిగా కట్టుకెళ్ళాను."

"వాళ్ళేమన్నారు?"

"పెట్టె పెట్టంతా లేచి, తిరగేసి కట్టావన్నారు."

"మరి ఎర్ర కోటావిడ?"

"ఆవిడ వంతు కదా. నా పక్కనే కూర్చుని, దిగేదాకా తిడుతూనే ఉంది."